ఒకటో ఛానల్ కదపవద్దు

ఇరవై ఏడో ప్రదర్శన రోజు సాయంత్రం నాలుగు గంటలకు హాల్లో ఉన్నవి: పన్నెండు ఛానళ్ళ మిక్సరు ఒకటి. స్పీకర్లు నాలుగు, అందులో ఒకదానికి జాలీ చిరిగింది. చొక్కాకి తగిలించే కాలర్ మైకులు ఐదు. హార్మోనియం, తబలా, కీబోర్డు. ఎరుపూ తెలుపూ చారలతో అట్ట రైల్వే గేటు. నిజమైన గేటు దగ్గర నలభై ఏళ్ళు వెలిగిన చేతి లాంతరు. కుర్చీలు మూడు వందల ఇరవై. ఉన్నవాళ్ళు: దర్శకుడు, హార్మోనియం వాయించే పెద్దాయన, తబలా ఆయన, కీబోర్డు అమ్మాయి, నటులు ఎనిమిది మంది, కొత్త హీరో, మా అమ్మ, నేను. మా అమ్మ అక్కడ ఎందుకుందో తరవాత చెబుతాను.

నా ముందు, మిక్సరు మీద, నా చేతిరాతతోనే ఒక కాగితం అంటించి ఉంది. "ఒకటో ఛానల్ కదపవద్దు."

సౌండ్ పనిలోకి కొత్తగా వస్తున్న వాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. నేను ఆ పనిలోంచి ఇరవై ఎనిమిదో ఏట రిటైరయ్యాను. ఆ మాట అంటే మా ఆవిడ నవ్వుతుంది. ఇప్పుడు ఒక ఫ్యాక్టరీలో మీటర్లు సరిచూస్తాను. మీటరు తప్పు చూపిస్తే సరిచేస్తాను, దాని మీద నాకు ఏ భావమూ ఉండదు. అందుకే ఆ ఉద్యోగం నాకు సరిపోయింది.

డిప్లొమా అయ్యాక రాయ్‌పూర్‌లో ఒక మైకుసెట్ షాపులో చేరాను. పెళ్ళిళ్ళు, గణేశ్ పందిళ్ళు, స్కూలు వార్షికోత్సవాలు. షాపు సేఠ్ నన్ను "ఇంజనీర్ సాబ్" అని పిలిచేవాడు, గౌరవంతో కాదు. ఆ షాపు నుంచే నన్ను మా రైల్వే తెలుగు వాళ్ళ సంగీత నాటకానికి పంపించారు. శ్రీకాకుళం నుంచి లైను పనికి వచ్చి ఇక్కడే గేట్‌మేన్‌గా మిగిలిపోయిన ఒకాయన కథ అది. పాటలు పదకొండు, వాటిలో ఏడు హీరోవి. ఒక్కసారి వేసి ఊరుకుందామని మొదలుపెట్టారు. మొదటి రోజు ముందు వరసలో కూర్చున్న ముసలమ్మలు, మా నాన్న కూడా గేటు దగ్గరే పోయాడమ్మా అని ఏడ్చారు. దాంతో భిలాయ్ పిలిచింది, దుర్గ్ పిలిచింది, బిలాస్‌పూర్ పిలిచింది. నెలకి రెండు ఆదివారాలు. సాయంత్రం ఆరుకి మొదలు, ఎనిమిదిన్నరకి ఆఖరు.

మొదటి హీరో బుకింగ్ క్లర్కు. వయసు నలభై దాటింది. గొంతు నూతిలోంచి వచ్చినట్టు ఉండేది. మైకులో పడితే హాలంతా గుయ్‌మని కమ్ముకునేది, మాట తెలిసేది కాదు. ఒక్కో ఛానల్‌కి మూడు నాబ్‌లుంటాయి. గొంతులోని బరువుకి ఒకటి, మధ్యభాగానికి ఒకటి, పైన ఉండే పదునుకి ఒకటి. మూడు వారాలు కూర్చుని వాటిని ఆయన గొంతుకి కుదిర్చాను. బరువు దాదాపు పూర్తిగా తీసేశాను. మధ్య కొంత తగ్గించాను. పదును బాగా పెంచాను. అప్పుడు ఆయన పలికిన ప్రతి అక్షరం చివరి వరసకి తేటగా వెళ్ళింది. ఎర్ర స్కెచ్ పెన్నుతో మూడు నాబ్‌ల పక్కనా మూడు గీతలు గీశాను. హాలు ఊడ్చేవాళ్ళు దుమ్ము తుడుస్తూ తిప్పేస్తారని పైన ఆ కాగితం అంటించాను. అప్పట్లో ఆ కాగితానికి అంతకన్నా అర్థం లేదు.

ఇంకో అలవాటు ఉండేది. ప్రతి పాట తరవాత చప్పట్లు ఎన్ని సెకన్లో ఫోన్‌లో కొలిచి రిజిస్టరులో రాసేవాణ్ణి. ఎవరూ అడగలేదు, ఎవరికీ చూపించలేదు. ఏడో పాట, అంటే గేటు మూసి గేట్‌మేన్ పాడే ఆఖరి పాట, మామూలుగా ఇరవై సెకన్లు దాటేది.

హీరోకి డ్యూటీ ఉన్న రోజుల్లో రిహార్సల్‌లో ఆయన పాటలు నేనే పాడేవాణ్ణి, మిక్సరు ముందు కూర్చుని, టెస్టు మైకులో. మా అమ్మకి పాట తెలుసు. చిన్నప్పుడు నాకు ఆవిడే నేర్పింది. ఏడు పాటలూ తడుముకోకుండా వచ్చేవి. హార్మోనియం బాబాయి (రిటైరైన రైలు గార్డు, అందరూ ఆయన్ని బాబాయి అనే పిలిచేవాళ్ళు) తల ఊపేవాడు. ఆ తల ఊపుల్ని కూడా లెక్కపెట్టుకున్నవాణ్ణి నేను.

పందొమ్మిదో ప్రదర్శన తరవాత హీరోకి ప్రమోషన్ మీద నాగపూర్ బదిలీ అయింది. వెళ్ళేముందు నా చెయ్యి పట్టుకుని అన్నాడు, "నా తరవాత ఇంకెవడున్నాడ్రా తమ్ముడూ, నువ్వే గదా."

ఆ మాట ఆయన స్టేషన్‌లో అందరితోనూ అనే "మళ్ళీ రండి" లాంటిదని నాకు తెలీలేదు. కొత్త హీరోని చెప్పే ఆదివారం పొద్దున్న నేను ఉప్పునీళ్ళు పుక్కిలించి, ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళాను.

దర్శకుడు రైల్వే స్కూల్లో పనిచేసి రిటైరైన మాస్టారు. ఆయన పక్కన చేతిలో హెల్మెట్‌తో ఒక సన్నటి కుర్రాడు నిలబడి ఉన్నాడు. నాకన్నా ఏడాది చిన్న.

"ఇతను మోవాలో ఉంటాడు. ఆరంగ్‌లో ట్రాక్టర్ షోరూంలో పని. వీళ్ళ తాతగారు మన లైను గేంగ్‌లోనే చేశాడు," అన్నారు మాస్టారు.

కుర్రాడు అందరికీ దండం పెట్టాడు. "నాకు తెలుగు చదవడం రాదండి. హిందీ మీడియం. బోల్‌నా మాత్రం ఇంట్లో అంతా తెలుగే. తప్పులుంటే డాంటేయండి, తిట్టినా ఫరవాలేదు."

అందరూ నవ్వారు. రెండు లైన్లు పాడమన్నారు. పాడాడు. నవ్వు ఆగిపోయింది. ఆ నిశ్శబ్దం ఎన్ని సెకన్లో నేను కొలవలేదు.

అందరూ టీకి బయటికి వెళ్ళాక మాస్టారి దగ్గరికి వెళ్ళాను.

"మాస్టారూ, నాకు ఏడు పాటలూ వచ్చు."

"తెలుసురా."

"శ్రుతి తప్పను."

"అదీ తెలుసు." ఆయన కళ్ళజోడు తీసి పంచె చివరతో తుడుచుకున్నారు. "నువ్వు పాడితే పాట వినబడుతుంది. వాడు పాడితే గేట్‌మేన్ కనబడతాడు. ఏం చెయ్యమంటావు? పైగా నువ్వు లేస్తే ఆ డబ్బా ముందు ఎవడు కూచుంటాడు?" కళ్ళజోడు పెట్టుకుని ఇంకో మాట అన్నారు. "నీ చేతిరాత బావుంటుంది. పాటలన్నీ వాడికి హిందీ అక్షరాల్లో రాసిపెట్టు."

రాసిపెట్టాను. ఒక్క తప్పు లేకుండా, ఊపిరి తీసుకునే చోట నీలం గీతలతో సహా. తప్పు రాస్తే దొరికిపోతాను కదా. నేను చేసే పని ఏదైనా కాగితం మీద కచ్చితంగా ఉండాలి. ఆ నియమం నాకు తరవాత చాలా ఉపయోగపడింది, చెడ్డగా.

హిందీ అక్షరాల్లోంచి చదివితే మాట సరిగా పలకదు కదా. అందుకని మాస్టారు అతన్ని మా అమ్మ దగ్గరికి పంపారు. మా ఇల్లు దేవేంద్ర నగర్‌లో. అతను ఆరంగ్ నుంచి వస్తూ వారానికి మూడు సాయంత్రాలు మా ఇంటి ముందు బండి ఆపేవాడు. మా అమ్మ వంట చేస్తూ పలికించేది, అతను గడప దగ్గర పీట వేసుకుని కూర్చుని పలికేవాడు. నేను ముందుగదిలో సోల్డరింగ్ చేసుకుంటున్నట్టు కూర్చునేవాణ్ణి.

రెండో వారంలో ఒక రోజు అతను ఏడో పాట చివరికంటా పాడాడు. ఆ చివర ఒక పై స్వరం ఉంది. గేట్‌మేన్ వెళ్ళిపోతున్న రైలుని పిలిచినట్టు ఉంటుంది. మొదటి హీరో దాన్ని కిందకి దించి పాడేవాడు, ఆయనకి అందేది కాదు. నాకు అందుతుంది, కాని అందుకున్నట్టు తెలిసిపోతుంది. ఇతను కందిపప్పు కుక్కరు కూత మధ్యలో, చేతిలో మా అమ్మ పెట్టిన నువ్వుల నూపప్పుండ పట్టుకుని, దాని మీదకి అలా వెళ్ళిపోయాడు. వెళ్ళి అక్కడ కాసేపు నిలబడ్డాడు.

మా అమ్మ స్టవ్ కట్టేసింది. "ఇంకోపాలి అను నాయనా," అంది.

మళ్ళీ అన్నాడు. మళ్ళీ అందింది.

చిన్నప్పటి నుంచీ మా అమ్మ నాతో "సరిగ్గా పాడావు" అనేది. ఇంకోసారి పాడమని ఎప్పుడూ అనలేదు. ఆ తేడా నాకు ఆ సాయంత్రం తెలిసింది. సోల్డరింగ్ ఐరన్ వేలికి తగిలింది. బొబ్బ వారం రోజులుంది.

ఇరవయ్యో ప్రదర్శనకి ముందు మాస్టారు అందరినీ నిలబెట్టి చెప్పారు. చొక్కా అదే, నడక అదే, లాంతరు పట్టుకునే చెయ్యి అదే, ఏదీ మారకూడదు, జనం పాత నాటకం చూడ్డానికే వస్తారు. తరవాత నా వైపు తిరిగారు. "నీ దగ్గర కూడా ఏదీ కదపకు."

ఆయనకి నాబ్‌ల గురించి ఏమీ తెలీదు. నాకు తెలుసు.

కొత్త హీరో నోరు తెరిచిన మొదటి పాటలోనే హెడ్‌ఫోన్స్‌లో తెలిసిపోయింది. అతనిది సన్నటి గొంతు, అందులో ఉన్న కాస్త బరువే దాని అందం. ఆ బరువుని నా మొదటి నాబ్ తీసేస్తోంది. పదును అతనికి పుట్టుకతోనే ఉంది, దాని మీద మూడో నాబ్ ఇంకాస్త నూరుతోంది. రేకు డబ్బాలో తల పెట్టి పాడినట్టుంది. నా చెయ్యి నాబ్ దాకా వెళ్ళింది. ఇది నిజం, చెయ్యి వెళ్ళింది. అక్కడ కాగితం కనిపించింది. మాస్టారి మాట గుర్తొచ్చింది. చెయ్యి వెనక్కి వచ్చేసింది.

ఆ పాటకి చప్పట్లు ఆరు సెకన్లు. నేను రాసుకున్నాను.

ఆ తరవాత చెయ్యి అటు వెళ్ళడం మానేసింది.

హాలు బయట టీ దగ్గర జనం మాటలు వినడం నాకు అలవాటైంది. "పాతాయనే పాతాయన." "కుర్రాడు బాగానే ఉన్నాడు గాని, ఏటో, చెవుల్లో గుచ్చుతున్నాది." "హీరో మారితే నాటకం మారిపోద్ది." నేను టీ మెల్లగా తాగేవాణ్ణి. ఇంత తీపి టీ ఎవరు పెడుతున్నారా అనిపించేది.

దుర్గ్‌లో సగం కుర్చీలు ఖాళీ. రెండోసారి పిలుస్తామన్న భిలాయ్ వాళ్ళు ఫోన్ ఎత్తలేదు. మొదట ఆ కుర్రాడి పాటలకే తగ్గిన చప్పట్లు, తరవాత మిగతావాళ్ళ పాటలకీ తగ్గాయి. ఒక హీరో మారితే మిగతా ఎనిమిది మందీ కూడా మారిపోతారని నాకు అప్పుడే తెలిసింది. హీరోయిన్ వేసే అక్క తన పాట కొంచెం గట్టిగా పాడడం మొదలుపెట్టింది, లోటు తనే పూడ్చాలన్నట్టు. తబలా ఆయన వేగం పెంచాడు, త్వరగా అయిపోతే చాలన్నట్టు. బాబాయి మాత్రం ఎప్పటిలాగే వాయించేవాడు. అప్పుడప్పుడు మెడ తిప్పి స్పీకరు వైపు చూసేవాడు, రైలు చప్పుడులో తేడా విన్న గార్డులాగ.

ఇరవై మూడో ప్రదర్శన తరవాత కుర్రాడు నా దగ్గరికి వచ్చాడు. అతనికి కోపం రాదు. అది కూడా నాకు కోపమే.

"అన్నా, సచ్ చెప్పు. నాలో ఏటి లోపం? అందరూ బాగుంది బాగుంది అంటారు, మొహాలు చూస్తే అలా లేవు. నువ్వు కానుల్లో ఆ హెడ్‌ఫోన్స్ పెట్టుకుని రోజూ వింటున్నావు. నీకే తెలుస్తాది."

నేను గ్రాఫ్ కాగితం తీసి రాసి ఇచ్చాను. తొమ్మిది అంశాలు, వరస సంఖ్యలతో. ఒకటి, గొంతులో బరువు లేదు. రెండు, శబ్దం ముక్కులోంచి వస్తోంది. మూడు, 'స', 'ష' ఈల వేస్తున్నాయి. అలా తొమ్మిది. ఒక్కటీ అబద్ధం కాదు. స్పీకర్లోంచి వస్తున్నది అదే. స్పీకర్లోకి ఏం వెళ్తోందో ఆ జాబితాలో లేదు.

"థాంక్యూ అన్నా," అని కాగితం మడిచి హెల్మెట్‌లో పెట్టుకున్నాడు. "ఇంత సీదాగా ఎవడూ చెప్పలేదు."

తరవాతిసారి నాకు జామకాయలు తెచ్చాడు. "ఆరంగ్ నుంచి మోవా దాకా హెల్మెట్‌లో పాడుకుంటా వస్తున్నానన్నా, నాభి నుంచి లాగి, బరువు కోసం. ట్రక్కు వాళ్ళు పిచ్చోడనుకుంటున్నారు." నవ్వాడు. నవ్వులో చిన్న గరుకు ఉంది. నేను జామకాయలు తిన్నాను.

ఇప్పుడు ఇరవై ఏడో ప్రదర్శన సంగతి.

అంతకుముందు గురువారం మాస్టారు నన్ను పిలిచారు. కమిటీ వాళ్ళు ఇంక ఆపేద్దామంటున్నారని చెప్పారు. ఆదివారం రాయ్‌పూర్ షో చూసి నిర్ణయిస్తారట.

"నేనొక మాటన్నాను వాళ్ళతో. ఇంకొకణ్ణి పెట్టి ఒక్కసారి చూద్దామన్నాను." ఆయన నా మొహంలోకి చూడలేదు. "ఆదివారం వాడి చేత ఆఖరిసారి వేయిద్దాం. వచ్చే షో నుంచి నువ్వు. మిక్సరుకి షాపు నుంచి ఇంకొకణ్ణి పంపమను. నీ విషయంలో తొందరపడ్డానేమోరా."

ఇంటికి ఎలా వచ్చానో గుర్తులేదు. రిజిస్టరులో ఆ తేదీ దగ్గర ఏమీ రాయలేదు. కొలవాల్సినంత సంతోషం ఉంది, కొలిచే అవసరం కనబడలేదు.

ఆదివారం పొద్దున్న కుర్రాడు మా ఇంటికి వచ్చాడు, ఆఖరి పాఠానికి. ఆఖరిదని అతనికి తెలీదు. నేను చొక్కా ఇస్త్రీ చేసుకుంటున్నాను. వంటింట్లోంచి ఏడో పాట మొదలైంది. ఈసారి నేల మీద బస్తా ఈడ్చినట్టు మొదలైంది. చివరకొచ్చేసరికి పై స్వరం దగ్గర గొంతు రెండుగా చీలింది. మళ్ళీ ప్రయత్నించాడు. మళ్ళీ చీలింది. దగ్గాడు.

"చాలు నాయనా, చాలు. ఈ మిరియాల పాలు తాగు," అంది మా అమ్మ. తరవాత ఒక కాగితం చప్పుడైంది. "ఏటిది?"

"అన్న రాసిచ్చాడమ్మా. నా గలతీలు. తొమ్మిది. ఆరు సరిచేసుకున్నాను, ఇంకా మూడున్నాయి."

అతను వెళ్ళాక మా అమ్మ గ్రాఫ్ కాగితం పట్టుకుని ముందుగదిలోకి వచ్చింది. ఆవిడ ఆరో తరగతి దాకా చదువుకుంది. కాగితం పైనుంచి కింద దాకా వేలు పెట్టి చదివింది.

"ఇందులో ఒక్కటీ ఆడి గొంతులో లేదురా," అంది. "నాలుగు నెల్ల బట్టి నా గడప దగ్గిర కూకుని పాడతన్నాడు, నాకు తెల్దా? బరువు నేదని రాసేవు. ఉన్న బరువు ఎక్కడికెళ్ళింది?"

"హాల్లో వేరుగా వినబడుతుందమ్మా."

"హాలుకి ఏటి రోగం? పాతాయన గొంతు బానే ఇనబడింది గదా, అదే హాల్లో." నా వైపు చూసింది. "నువ్వు ఏం చేస్తావు అక్కడ కూకుని?"

"ఏమీ చెయ్యను," అన్నాను. అది కూడా నిజమే.

మా అమ్మ చీర మార్చుకుని నాతో బయల్దేరింది. మిక్సరు పక్కన కుర్చీ వేయించుకుని కూర్చుంది. నాలుగు గంటలకే ఆవిడ హాల్లో ఉన్నది అందుకు.

కూర్చుని నాబ్‌లన్నీ చూసింది. కాగితం చదివింది. "ఒకటోది ఎవరిది?" అంది.

"హీరోది."

"ఈ ఎర్ర గీతలు?"

"పాతాయనకి పెట్టినవి."

మా అమ్మ తన సంచీలోంచి శనగలు తీసి నాకు కొన్ని పెట్టి తను కొన్ని తింది.

ఆరు గంటలకి నూట పది మంది వచ్చారు. మొదటి పాట, రేకు డబ్బా. నాలుగు సెకన్లు. రెండో పాట, నాలుగు. కమిటీ సెక్రటరీ మూడో వరసలో ఫోన్ చూసుకుంటున్నాడు. మా అమ్మ స్టేజీ వైపు చూడడం లేదు. నా చేతుల వైపు చూస్తోంది. మూడో పాటలో కుర్రాడు బరువు కోసం గొంతుని కిందకి తొక్కిపెట్టి పాడాడు, నా జాబితాలో ఒకటో అంశం ప్రకారం. మెడ నరాలు మిక్సరు దగ్గరికి కనబడ్డాయి.

వచ్చే షో నాది. ఇంకో నాలుగు పాటలు ఏమీ చెయ్యకుండా కూర్చుంటే చాలు.

ఆ క్షణంలో నాకు జాలి కలిగిందని రాస్తే బావుంటుంది. కలగలేదు. నాకు వచ్చిన ఆలోచన వేరే. వచ్చే షోలో నేను స్టేజీ మీద నిలబడతాను. ఈ కుర్చీలో షాపు నుంచి వచ్చినవాడు కూర్చుంటాడు. వాడు నా గొంతు వింటాడు, వాడి ముందు మూడు నాబ్‌లుంటాయి. వాడు ఎలాంటివాడో నాకు తెలీదు. నా గొంతు మీద నాకు చెయ్యి ఉండదు. భయమేసింది. ఆ భయంలోంచే, మూడు నెలలుగా స్టేజీ మీద ఆ కుర్రాడు ఎవరి చేతిలో నిలబడ్డాడో నాకు కనబడింది.

నాలుగో పాట మొదలైంది. మొదటి చరణంలో మొదటి నాబ్ మెల్లగా తిప్పాను, ఒక్క గీత, ఇంకో గీత. రెండో చరణానికి మధ్యది. మూడోదాన్ని ఎర్ర గీత నుంచి చాలా వెనక్కి తెచ్చాను. మొత్తం ఒక నిమిషం కూడా పట్టలేదు.

మా వంటింటి గడప హాలంతటికీ వచ్చింది. గరుకు అలాగే ఉంది, కాని అది మనిషి గరుకు. సెక్రటరీ ఫోన్ జేబులో పెట్టాడు. వెనక వరసలో ఎవరో "అరే వాహ్" అన్నారు. కుర్రాడికి స్టేజీ మీది స్పీకర్లోంచి తన గొంతు తనకి వినబడింది. లైను మధ్యలో ఒక్క క్షణం ఆగాడు, ఎవరో వెనక నుంచి పిలిచినట్టు. తరవాత తొక్కిపెట్టడం మానేసి మామూలుగా పాడాడు. బాబాయి హార్మోనియం మీద చేతులు తియ్యకుండానే మెడ తిప్పాడు. ఈసారి స్పీకరు వైపు కాదు, నా వైపు. చాలాసేపు చూశాడు.

పద్నాలుగు సెకన్లు.

అసూయ పోయిందని అనుకోకండి. అతను బాగా పాడుతుంటే వెయ్యింతలైంది. కాని ఇప్పుడది నా కడుపులో ఉంది, మిక్సరు మీద లేదు.

ఏడో పాట. గేటు మూశాడు, లాంతరు ఎత్తాడు. పై స్వరం దగ్గరికి వెళ్ళాడు. గొంతు చీలింది. అతను దాన్ని అక్కడే వదిలేసి, మిగతా మాటని పాడకుండా మామూలుగా పలికి, లాంతరు దించాడు. జనం లేచి నిలబడ్డారు. అది నటనలో భాగమనుకున్నారు. దాని వెనక ఆరంగ్ నుంచి ముప్పై ఆరు కిలోమీటర్ల రోడ్డు, ఒక హెల్మెట్, ఒక గ్రాఫ్ కాగితం ఉన్నాయని తెలిసింది హాల్లో ఇద్దరికి, నాకూ మా అమ్మకీ.

షో అయ్యాక మాస్టారు వచ్చి నా భుజం మీద చెయ్యి వేశారు. "ఒరేయ్, కమిటీ వాళ్ళు కొనసాగించమంటున్నారు. వీడితోనే. ఏమనుకోకు."

"ఏమీ అనుకోను మాస్టారూ."

బాబాయి హార్మోనియం సర్దుకుంటూ నా దగ్గర ఆగాడు. "ముప్పయ్యేళ్ళు గార్డుగా చేశాన్రా. బండి లేటవితే ఇంజను తప్పో, సిగ్నల్ తప్పో నాకు తెలుస్తాది," అన్నాడు గొంతు తగ్గించి. "ఆడితో నువ్వే చెప్పుకో. నేను చెప్పను."

కుర్రాడు పరిగెత్తుకుంటూ వచ్చాడు, చొక్కాకి మైకు ఇంకా తగిలించుకునే. "అన్నా! ఈ రోజు ఏం చేశావన్నా? నా ఆవాజ్ నాకే వచ్చింది!"

"నాబ్‌లు తిప్పాను," అన్నాను. "మొదటి రోజే తిప్పాల్సింది. తిప్పలేదు."

అతను నవ్వుతూనే ఉన్నాడు. తరవాత నవ్వు కొంచెం కొంచెంగా తగ్గింది. "భూల్ గయే క్యా?" అన్నాడు.

"మర్చిపోలేదు. ఆ పాటలు నేను పాడాలనుకున్నాను."

మైకు విప్పి నా చేతిలో పెట్టాడు, వైరు చక్కగా చుట్టి, నేను నేర్పినట్టే. హెల్మెట్ తీసుకున్నాడు. మా అమ్మకి మాత్రం దండం పెట్టి వెళ్ళిపోయాడు. తరవాత షోలకి వచ్చాడు, పాడాడు, నన్ను అన్నా అనే పిలిచాడు. జామకాయలు మళ్ళీ తేలేదు.

ఆ రోజు మా అమ్మ ఆటోలో ఒక్క మాటే మాట్లాడింది. "ఆ కాయితం పీకేసేవా?"

పీకేశాను. జిగురు మచ్చ ఉండిపోయింది.

మీకు నేర్పదగ్గది ఏమైనా ఉంటే ఇంతే. గొంతు మారిన రోజు మూడు నాబ్‌లనీ నడిమికి తెచ్చి, మళ్ళీ మొదటి నుంచి వినండి. ఎవరు కదపవద్దన్నా సరే. ముఖ్యంగా ఆ కాగితం రాసింది మీరే అయితే.

కుర్రాడు డాక్టరుకి చూపించుకున్నాడు. నెల రోజులు మాట్లాడొద్దన్నారు, అతను పది రోజులే ఆగగలిగాడు, షోరూంలో ఉద్యోగం మాట్లాడేదే మరి. నాటకం మాత్రం నడిచింది. భిలాయ్ మళ్ళీ పిలిచింది. హాళ్ళు నిండాయి. చప్పట్లు కొలవడం మానేశాను. రిజిస్టరులో ఒక్క గడి మాత్రం ఉంచాను. ఏడో పాట చివరి స్వరం అతనికి అందిందా లేదా అని. ఆ రోజు తరవాత నాటకం ఇంకా పద్దెనిమిది సార్లు ఆడింది. అందినవి నాలుగు.